వాగ్దానాల డబ్బాలో మూడు చీటీలు

ట్రాయ్, మిషిగన్
జూన్ 1, 2025, ఆదివారం

నాన్నా జోనాథన్,

ఆరాధన నుంచి వచ్చి, అన్నం తిని, చెవి మిషన్ తీసి బల్ల మీద పెట్టి ఇది రాస్తున్నాను. అది లేకపోతే ప్రపంచం ఎంత మర్యాదగా ఉంటుందో. మొన్న ఫోన్‌లో సగం నీ మాట, సగం దాని ఈల. నువ్వు అడిగింది ఒకటి, నేను చెప్పింది ఒకటి, ఇద్దరం నవ్వేసి పెట్టేశాం. ఇక మనకి ఉత్తరాలే గతి. ఎనిమిదేళ్లప్పుడు నిన్ను వంటింటి బల్ల ముందు కూర్చోబెట్టి ఏడిపించి మరీ తెలుగు రాయించాను. అది ఇప్పుడు అక్కరకొచ్చింది.

సంగతేమిటంటే, జూలై పదమూడున డ్రాఫ్ట్. బేస్‌బాల్ టీములన్నీ వంతులేసుకుని కొత్త పిల్లల్ని పేరు పేరునా పిలుచుకునే మన పండగ. మన డెట్రాయిట్ వాళ్ల తెలివి నీకు తెలియనిది కాదు. కాలేజీలో నాలుగు ఆటలు ఆడి రాటుదేలిన పిల్లల్ని వదిలేసి, ఇంకా మీసాలు రాని హైస్కూలు పిల్లల్ని ఏరుకుంటారు. వాడు చిన్న ఊళ్లలో ఆడి ఆడి పెద్ద స్టేడియంకి వచ్చేసరికి నేను ప్రభువు దగ్గర ఉంటాను. నా వయసు డెబ్బై ఒకటి. రెండేళ్లలో తయారయ్యేవాణ్ణి తీసుకోండయ్యా అంటే వినేవాడు లేడు.

అయితే ఈ ఏడు ఒక్కడికి మినహాయింపు. మన పక్కింటి రాధారాణి, జగన్మోహన్‌ల కొడుకు విహాన్. నువ్వు చూసినప్పుడు ముక్కు కారుతూ మన గ్యారేజ్ తలుపుకేసి బంతి కొట్టేవాడు. ఇప్పుడు ఆరడుగుల రెండంగుళాలు, ఎడమచేత్తో బంతి విసిరే పిచ్చర్. మార్చి నుంచి స్కూల్ గ్రౌండ్‌కి టీముల స్కౌట్లు వచ్చి వేగం కొలిచే మిషన్లు పట్టుకుని కూర్చుంటున్నారు. పేపర్లో మూడో రౌండో నాలుగో రౌండో అని రాశారు. మన వీధిలో పుట్టిన తెలుగు పిల్లవాణ్ణి డ్రాఫ్ట్‌లో పిలవడమంటే మాటలా? ఆ సొట్టల తలుపు మార్చమని ఎంతమంది చెప్పినా నేను మార్చలేదు. ఇక మార్చను కూడా.

పదమూడున ఆదివారమే. సాయంత్రం మన పెరట్లో పెద్ద టీవీ పెట్టి చర్చి వాళ్లనీ, వీధి వాళ్లనీ పిలుద్దామనుకుంటున్నాను. ఒక నలభై మంది. రాధారాణి వాళ్లు శాకాహారులు కాబట్టి పులిహోర వేరే పొయ్యి మీద.

నీ చీటీ ముందే పంపు. పదహారేళ్ల ఆచారం తప్పకూడదు. మన టీమ్ పిలుస్తుందనుకున్న ఒక్క పేరు, సీలు వేసిన కవర్లో. ఎప్పటిలాగే వాగ్దానాల డబ్బాలో వేస్తాను. కొత్త సంవత్సరం ఆరాధనలో వాక్యాల కార్డులు తీసే డబ్బాలో మనం బేస్‌బాల్ పేర్లు వేస్తున్నామని పాస్టరుగారికి ఇంతవరకు తెలియదు. ఓడినవాళ్లు గెలిచినవాణ్ణి ఆటకి తీసుకెళ్లాలి, మధ్య సీట్లో కూర్చోబెట్టాలి, రెండు పక్కలా పల్లీలు ఒలిచి పెట్టాలి. గుర్తుందిగా. నేను రెండుసార్లు కూర్చున్నాను, నువ్వు ఒకసారి. మీ నాన్న ఎప్పుడూ పల్లీలు ఒలవడమే. పేరు పలకడానికి బాగుందని ఎవరికీ తెలియని కాలేజీ పిల్లల పేర్లు రాసేవాడు కదా.

వాడి చివరి చీటీ డబ్బా అడుగున అలాగే ఉంది. నువ్వు వచ్చాక చూద్దామని ఉంచాను.

ప్రార్థనలో నిన్ను మరవని
దేవకుమారి అత్త

*

బాతెల్, వాషింగ్టన్
జూన్ 9, 2025

అత్తా,

నీ ఉత్తరం కిచెన్ కౌంటర్ మీద పెట్టుకుని మూడుసార్లు చదివాను. హైస్కూలు పిల్లల్ని తీసుకోవద్దని పదహారేళ్లుగా పోట్లాడి, పక్కింటివాడు హైస్కూల్ అయ్యేసరికి రూల్ మార్చేశావు. నీ స్ట్రాటజీ కంటే మన టీమ్ స్ట్రాటజీయే కాస్త నిలకడగా ఉంది. నీ బాధ అర్థమైంది కానీ, ఇరవై ఒక్కేళ్లవాడికి ఇంకేం పెరగదు, పద్దెనిమిదేళ్లవాడిలో ఏముందో ఎవరికీ తెలియదు. ఆ తెలియని దానికే వాళ్లు డబ్బిస్తారు. నువ్వు ఒప్పుకోవని తెలుసు.

ఇక్కడ ఎండలు మొదలయ్యాయి. రాత్రి తొమ్మిదింటికి కూడా వెలుతురే. నేను బానే ఉన్నాను. ఆఫీస్‌లో పని ఎక్కువగా ఉంది. స్కాన్ ఫొటోలు చదివే సాఫ్ట్‌వేరే, ఎప్పుడూ ఉండేదే. క్రిస్మస్‌కి పంపిన మా కంపెనీ జాకెట్ వేసుకుని వాకింగ్‌కి వెళ్తున్నావని ఫొటో చూశాను. నీకు బాగుంది.

పార్టీ గురించి. అత్తా, వద్దు. జూలైలో పెరట్లో నలభై మంది అంటే నీ మోకాళ్లు ఏమవుతాయి? వర్షం పడితే టీవీ ఏమవుతుంది? డ్రాఫ్ట్ టీవీలో చూస్తే మహా బోరు, ఒక్కో పేరుకీ ఐదు నిమిషాలు. చర్చి వాళ్లకి అందులో ఏం అర్థమవుతుంది? పేరు పిలిచాక కేక్ కట్ చేస్తే సరిపోతుంది కదా. ముందు పిలవనీ.

నీ
జోనాథన్

*

ట్రాయ్
జూన్ 17, 2025

జోనాథన్,

నీ ఉత్తరం రెండు రోజుల కిందట అందింది. ఇక ఊరుకోలేక రాస్తున్నాను.

నా మోకాళ్ల మీద నీకు ఇంత దయ ఎప్పట్నుంచి? ఏప్రిల్‌లో నలభై మందికి ఈస్టర్ లంచ్ వండినప్పుడు నువ్వేమీ అనలేదు. వర్షమంటావు, బోరంటావు. చర్చి వాళ్లకి అర్థం కాదంటావు. చర్చిలో ఫెబీ ఆంటీకి నీకంటే ఎక్కువ తెలుసు, ఆవిడ కొడుకు జెరెమీ అంపైర్‌గా చేస్తాడు. ఇన్ని సాకులు ఒకేసారి చెప్పావంటే అసలు కారణం ఇంకేదో ఉంది.

నాకు రెండు తోచాయి. రెండూ చెప్పేస్తాను, లోపల పెట్టుకుంటే నాకు నిద్ర పట్టదు. మొదటిది, నీకు మనసులో ఎక్కడో కష్టంగా ఉందా? పదో క్లాసులో నిన్ను స్కూల్ టీమ్‌లోంచి తీసేసినప్పుడు నువ్వు ఆ గ్లవ్ నా అల్మారా పైన పడేసి మళ్లీ ముట్టుకోలేదు. ఆ గ్లవ్వే తర్వాత నేను విహాన్‌కి ఇచ్చాను, నిన్ను అడక్కుండానే. అది తప్పే. కానీ పసివాడి మీద అసూయ పడే పిల్లవాణ్ణి నేను పెంచలేదనుకున్నాను.

రెండోది అడగడానికి నోరు రావడం లేదు. ఏడేళ్లయింది నువ్వు ఈ గుమ్మం ఎక్కి. మీ నాన్న సమాధి కార్యక్రమం అయిన మర్నాడు ఎయిర్‌పోర్ట్‌కి వెళ్లినవాడివి. నువ్వు చదువుకునేటప్పుడు నేనే పిస్కాటవే వచ్చాను, ఉద్యోగమొచ్చాక నేనే బాతెల్ వచ్చాను. ఈ ఇంట్లో పదిమంది కూడి నవ్వుకుంటే అది నీకు ఇష్టం లేదా? ఆ మాటైతే సూటిగా చెప్పు.

పార్టీ ఆగదు. రాధారాణికి మాట ఇచ్చేశాను. ఎందుకో ఆ అమ్మాయి కూడా "ఇప్పుడెందుకులెండి ఆంటీ" అని నసిగింది, మొహమాటం. నేను ఒప్పించాను. బ్యానర్ కూడా చెప్పేశాను. చీటీ మాత్రం మర్చిపోకు. ఈ ఏడు ఏ పేరు రాస్తావో నాకు తెలుసులే, అయినా అందరి ముందు తెరుస్తాను.

అత్త

*

బాతెల్
జూన్ 30, 2025

అత్తా,

అసూయ కాదు. ఆ గ్లవ్ వాడికిచ్చినందుకు నాకు సంతోషంగానే ఉంది. దేవుడి తోడు అనకూడదని నువ్వే నేర్పావు కాబట్టి ఉత్తి మాటగానే నమ్ము. వాడు ఎనిమిదేళ్లప్పుడు వేసిన బంతి నా మోకాలికి తగిలితే వారం రోజులు కుంటుతూ తిరిగాను. అప్పుడే చెప్పాను నీకు, వీడు పెద్ద పిచ్చర్ అవుతాడని.

ఇంటి గురించి అడిగావు. దానికి ఈ ఉత్తరంలో జవాబు రాయలేను. మూడు కాగితాలు చింపాను.

చీటీ కవర్లో పెట్టాను. అత్తా, ఒక్క మాట. ఈ ఒక్క ఏడూ నా చీటీ అందరి ముందు తెరవకు. నువ్వొక్కదానివే చూసుకో. ఎందుకని అడగకు.

వాడికి నా తరఫున ఆల్ ది బెస్ట్ చెప్పు. ఏ టీమ్ పిలిచినా పిలవకపోయినా వాడు మంచి పిల్లాడని చెప్పు.

జోనాథన్

*

ట్రాయ్
జూలై 15, 2025

జోనాథన్,

ఇల్లంతా పేపర్ ప్లేట్లు. ఇంకా ఎత్తలేదు.

ఆదివారం నలభై కాదు, యాభై మూడు మంది వచ్చారు. పాస్టరుగారు ప్రార్థన చేశారు, జగన్మోహన్ వాళ్ల బంధువులు కొబ్బరికాయ కొట్టారు, రెండూ పెరటి వైపు నా చెక్కల డెక్ మీదే జరిగాయి. విహాన్ కొత్త చొక్కా వేసుకుని మొదటి వరసలో కూర్చున్నాడు. చెయ్యి ఒళ్లో పెట్టుకుని మెదలకుండా కూర్చున్నాడు. టెన్షన్ అనుకున్నాను.

మన వాళ్లు మొదటి రౌండ్‌లో హైస్కూలు పిల్లవాణ్ణే తీసుకున్నారు. ఎప్పుడూ తిట్టేదాన్ని, ఈసారి చప్పట్లు కొట్టాను. హైస్కూలు పిల్లల మీద మనసుంటే మన వాడికి మంచిదే అనుకున్నాను. మూడో రౌండ్ వచ్చింది. మన వంతు వచ్చినప్పుడు అందరూ లేచి నిలబడ్డారు. ఇంకెవరి పేరో పిలిచారు. అందరూ కూర్చున్నారు. సోమవారం పొద్దున మళ్లీ ఇరవై మంది వచ్చారు, సెలవు పెట్టి మరీ. నాలుగు, ఐదు, ఆరు. పది దాటాక ఒకరొకరు ఆఫీస్ కాల్ ఉందంటూ లేచారు. ఇరవయ్యో రౌండ్ అయ్యేసరికి నేను, రాధారాణి, ఆ పిల్లవాడు మిగిలాం. ముప్ఫై టీములు, ఆరువందల పైచిలుకు పేర్లు, వాడి పేరు లేదు. వాడు లేచి నా దగ్గరికొచ్చి "సారీ ఆంటీ, మీరు చాలా వర్క్ చేశారు" అన్నాడు. వాడు నాకు సారీ చెప్పడమేమిటి. నాకు తల కొట్టేసినట్టయింది.

ఇక నీ సంగతి. అందరి ముందు తెరవద్దన్నావు. ఆదివారం మొదటి రౌండ్‌కి ముందు, ఆ సంతోషంలో, ఆ మాట పక్కన పెట్టేశాను. "మా జోనాథన్ ఏం రాశాడో చూడండి" అని మైకులో చెప్పి మరీ తెరిచాను. తెల్లకాగితం. ఇటు తిప్పాను, అటు తిప్పాను. ఏమీ లేదు. ఫెబీ ఆంటీ ఇంకు అయిపోయిందేమో అంది. అందరూ నవ్వారు. విహాన్ నవ్వలేదు.

ఆటే వద్దనుకుంటే వద్దని రాయి. ముగ్గురిలో మిగిలింది మనిద్దరమే. ఖాళీ కాగితం మడిచి సీలు వేసి పంపడం కంటే పంపకపోవడమే నయం. నువ్వు ఎగతాళి చేశావని నేను అనుకోను, కానీ ఇంకేమనుకోవాలో నాకు తెలియడం లేదు.

దేవకుమారి

*

బాతెల్
జూలై 21, 2025

అత్తా,

ఎగతాళి కాదు. నేను రాయగలిగిన నిజమైన చీటీ అదొక్కటే. ఇంతకంటే ఏమీ చెప్పలేను. నిన్ను పదిమందిలో చిన్నబుచ్చినందుకు నన్ను క్షమించు.

ప్లేట్లు ఎవరిచేతనైనా ఎత్తించు. వంగకు.

జోనాథన్

*

ట్రాయ్
ఆగస్టు 4, 2025

నాన్నా,

కుదురుగా కూర్చుని చదువు.

నిన్న సాయంత్రం రాధారాణి వచ్చింది. వంటింట్లో నిలబడి ఏడ్చింది. విహాన్ మోచేతిలో కీలుని పట్టి ఉంచే లిగమెంట్ చాలావరకు చిరిగి ఉందట. మే నెల నుంచీ వాళ్లకి తెలుసట. డ్రాఫ్ట్‌కి ముందు స్కాన్లు టీములకి వెళ్తాయట. అయినా ఏదో ఒక టీమ్ ధైర్యం చేయకపోతుందా అన్న ఆశతో తండ్రీ తల్లీ కొడుకూ నోరు కుట్టేసుకున్నారు. నేను పార్టీ అన్నప్పుడు వద్దంటే కారణం చెప్పాలి, కారణం చెబితే వీధంతా తెలుస్తుంది. పాపం, నా ఉత్సాహానికి అడ్డు చెప్పలేక ఆ పిల్ల మా డెక్ మీద రెండు రోజులు కూర్చుంది. ఈ నెల ఇరవైన ఆపరేషన్. కాలేజీ వాళ్లు స్కాలర్‌షిప్ ఉంచుతామన్నారు, సంవత్సరం ఆగి ఆడవచ్చు. నేను ఒకప్పుడు నర్సునని, కాగితాలు చూడమని తెచ్చింది.

చూశాను. చివరి పేజీ అడుగున, స్కాన్ చదివిన కంపెనీ పేరు ఉంది. ఊరు బాతెల్. కుర్చీ మీద వేలాడుతున్న నా వాకింగ్ జాకెట్ వంక చూశాను. అదే పేరు, అదే నీలం బొమ్మ. ఎనిమిది నెలలుగా ఆ పేరు ఛాతీ మీద వేసుకుని ట్రాయ్ అంతా తిరిగాను. నువ్వు గర్భిణుల స్కాన్లు చదువుతావని స్త్రీల సమాజంలో నీ పని కోసం ప్రార్థన కూడా పెట్టించాను. వాళ్లంతా బాతెల్‌లో పుట్టే పిల్లల కోసం ప్రార్థించారు.

మీకొచ్చే స్కాన్ల మీద పేర్లు ఉండవట, నంబర్లే ఉంటాయట. కానీ ఆ ఎడమ మోచెయ్యి నీకు నంబరు కాదు. వాడు తొమ్మిదేళ్లప్పుడు చూరు గట్టర్‌లో ఇరుక్కున్న బంతి కోసం ఎక్కి నా డెక్ మీద నుంచి పడితే ఆ చెయ్యి విరిగింది. అట్టముక్క పెట్టి చున్నీతో కట్టింది నేను. చీకటి పడితే టార్చ్ పట్టింది నువ్వు. ఎమర్జెన్సీలో ఎక్స్‌రే తగిలించినప్పుడు "అత్తా, ఎముక వంకరగా అతుక్కుంటుందా" అని అడిగావు. కాస్త వంకరగానే అతుక్కుంది.

నేను నిన్ను అడగడం లేదు. అవుననీ కాదనీ రాయకు. ముప్ఫై ఏళ్లు హాస్పిటల్లో చేశాను. చెప్పకూడనిది చెప్పకూడదు, అది అత్తకైనా సరే. నువ్వు పార్టీ వద్దన్నావు. చీటీ అందరి ముందు తెరవద్దన్నావు. నీకు చేతనైనంతా చెప్పావు, వినలేనిది నేను. ఈసారి చెవి మిషన్ తప్పు కూడా కాదు.

ఇప్పుడు నాది చెప్పాలి. ఏడేళ్లుగా చెప్పాలనుకుంటూ, పులిహోర గురించీ టీమ్ గురించీ రాస్తూ వచ్చాను.

2018 ఏప్రిల్ రెండో వారంలో మీ నాన్నకి క్లోమంలో గడ్డ అని తేలింది. నేను పనిచేసే హాస్పిటల్లోనే. డాక్టర్ ఆరు వారాలన్నాడు. రత్నరాజు నా చెయ్యి పట్టుకుని, "అక్కా, వాడికి పరీక్షలు అయ్యేదాకా చెప్పకు. ఈ సెమిస్టర్ పోతే వాడి స్కాలర్‌షిప్ పోతుంది. నాకు మాటివ్వు" అన్నాడు. ఒట్టు వేయకూడదని మనకి వాక్యం ఉంది. అయినా ఒట్టులాంటి మాటే ఇచ్చాను. ప్రతి ఆదివారం నువ్వు ఫోన్ చేస్తే "నాన్న పడుకున్నాడురా" అనేదాన్ని. అది అబద్ధం కాదు, పడుకునే ఉండేవాడు. ఆ మాట పెట్టుకుని నన్ను నేను మోసం చేసుకున్నాను. మూడుసార్లు నీ నంబర్ కొట్టి, మోగకముందే పెట్టేశాను. మే తొమ్మిదిన నీ చివరి పరీక్ష. పదో తారీఖు నువ్వు దిగావు. వాడు కళ్లు తెరిచి నీకు దక్కింది ఒక్క సాయంత్రం, అది కూడా మందు మత్తులో. పధ్నాలుగున వెళ్లిపోయాడు.

నువ్వు ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. నేను చేసింది వాడికి న్యాయం, నీకు అన్యాయం. ఆ నెల రోజులు నీవి. అవి నేను నీకు దక్కనివ్వలేదు. అది తప్పో ఒప్పో నాకు ఈ రోజుకీ తెలియదు. తెలియదని చెప్పడానికే ఇంత ఆలస్యం చేశాను.

పేపర్ ప్లేట్లు విహాన్ ఎత్తాడు, కుడిచేత్తో.

నీ అత్త

*

బాతెల్
ఆగస్టు 11, 2025

అత్తా,

నువ్వు చెప్పినట్టే అవుననీ కాదనీ రాయను. ఎవరి చెయ్యి గురించీ నాకేమీ తెలియదు. ఇప్పుడూ అదే నా జవాబు, ఎప్పటికీ అదే.

నాది మాత్రం చెప్పుకోవచ్చు. మార్చిలో మా కంపెనీ బేస్‌బాల్ స్కాన్లు చదవడం మొదలుపెట్టింది. అందులో మన టీమ్ కూడా ఉంది. నీకు చెబుదామని ఎగిరి గంతేశాను. పేపర్ల మీద సంతకం పెట్టించుకున్నారు, డ్రాఫ్ట్ మీద సరదాకి కూడా పేర్లు రాయకూడదని. అదయ్యాక సర్‌ప్రైజ్‌గా చెబుదామనుకున్నాను. ఇంతలో మే వచ్చింది. ఇక ఆ తర్వాత చెబితే, నా ఉద్యోగం పక్కన నా "వద్దు" పెట్టుకుని నువ్వు పది నిమిషాల్లో అంతా కనిపెట్టేస్తావు. చీటీ పంపకపోతే గొడవ చేస్తావు. పేరు రాస్తే అబద్ధం. అందుకని తెల్లకాగితం.

నువ్వు బ్యానర్ చెప్పావని చదివిన రోజు ఫోన్ తీసుకుని పార్కింగ్ లాట్‌లో కార్లో కూర్చున్నాను. ఒక్క ముక్క చెబితే చాలు, యాభై మంది ముందు వాడు అలా కూర్చోవాల్సిన పని లేదు, నువ్వు మైకు పట్టుకోవాల్సిన పని లేదు. కానీ అది నేను చెప్పాల్సిన ముక్క కాదు. వేరేవాళ్లది. నీ నంబర్ కొట్టాను. మోగకముందే పెట్టేశాను.

అప్పుడు గుర్తొచ్చావు. ఆ ఏప్రిల్‌లో నువ్వు డ్యూటీ యూనిఫాం వేసుకుని ఫోన్ పట్టుకుని నిలబడి ఉంటావు కదా అనుకున్నాను. నేను రెండు నెలలు మోశాను, అదీ బయటివాళ్లది. నువ్వు సొంత తమ్ముణ్ణి మోశావు. అంతకుముందు ఏడేళ్లలో ఒక్కసారి కూడా నేను నీ వైపు నుంచి ఆలోచించలేదు. నాన్న జబ్బు నా దగ్గర దాచారనే అనుకున్నాను కానీ, దాచడం నీకెంత కష్టమైందో అనుకోలేదు.

కోపం లేదని అనను. ఉండేది. నీ మీద చాలా ఉండేది. ఆ ఇంటికి వస్తే వంటింట్లో నువ్వుంటావు, నీ మొహం చూస్తే అడిగేస్తాను, అడిగితే నువ్వు ఏడుస్తావు అని రాలేదు. నాకున్నది నువ్వొక్కదానివే, ఆ ఒక్కదాన్నీ పోగొట్టుకుంటానని భయం. నువ్వు తప్పు చేశావా అంటే నాకూ తెలియదు అత్తా. నేను చేసింది కూడా తప్పో ఒప్పో తెలియదు. తెలియనివాళ్లం ఇద్దరమయ్యాం, అది చాలు.

డబ్బా అడుగున ఉన్న నాన్న చీటీ తెరువు. నేను వచ్చేదాకా ఆగకు. నేను వస్తాను, కానీ అది ఇంకా అక్కడే ఉంటే మళ్లీ భయమేసి ఆగిపోతానేమో. తెరిచి ఏముందో రాయి.

నీ
జోనా

*

ట్రాయ్
ఆగస్టు 18, 2025

జోనా,

ఈ పేరుతో నువ్వు సంతకం పెట్టి ఏడేళ్లయింది. కళ్లద్దాలు రెండుసార్లు తుడుచుకున్నాను.

తెరిచాను. నిన్న ఆరాధన అయ్యాక, మధ్యాహ్నం, డెక్ మీద. ఒక్కదాన్నే ఉండలేక విహాన్‌ని పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నాను. వాడికి ఎల్లుండి ఆపరేషన్. భయంగా ఉందన్నాడు, నాకూ భయంగానే ఉందన్నాను. ఆపరేషన్ తర్వాత వాడి చేతి వ్యాయామాలన్నీ నా చేతి కిందే జరగాలని రాధారాణికి చెప్పేశాను. అంతవరకు కుడిచేత్తో గ్యారేజ్ తలుపుకి బంతి కొడుతున్నాడు. ఒక్కటీ తలుపుకి తగలడం లేదు, నా గులాబీలకే తగులుతున్నాయి.

చీటీలో ఏదైనా పెద్ద మాట ఉంటుందనుకున్నాను. నిన్ను చూసుకోమనో, నీకు చెప్పమనో. అది ఉంటే నేను తట్టుకోలేననే ఇన్నాళ్లూ ముట్టుకోలేదు, నువ్వు వచ్చాక చూద్దామన్నది వట్టి వంక. అలాంటిదేమీ లేదు నాన్నా. వంకర అక్షరాల్లో ఒక పిల్లవాడి పేరు, టెన్నెసీలో ఏదో చిన్న కాలేజీ పేరు. కింద, "అక్కా, ఈసారి పల్లీలు మీరే ఒలవాలి" అని ఉంది. పడుకున్న మంచం మీద కూడా వాడు రాబోయే డ్రాఫ్ట్ గురించే ఆలోచిస్తున్నాడు.

ఆ పేరు నేనెప్పుడూ వినలేదు. విహాన్ ఫోన్‌లో వెతికాడు. అప్పట్లో డ్రాఫ్ట్ నలభై రౌండ్లు కదా. మొదటి పదిలో లేదు, ఇరవైలో లేదు. వాడు ఇక లేదులే ఆంటీ అన్నాడు, నేను చివరిదాకా చూడమన్నాను. ముప్ఫై ఒకటో రౌండ్‌లో ఆగాడు. మన టీమే. అదే పేరు, అదే కాలేజీ. ఆ పిల్లవాడు చిన్న ఊళ్లలో రెండేళ్లు ఆడి మానేశాడట, ఇప్పుడు ఎవరికీ గుర్తులేడు. అది వేరే సంగతి. మన టీమ్ వాడి పేరు పిలిచింది, మీ నాన్న రాశాడు.

ఒక్కసారీ గెలవలేదని మనం వాడి మీద ఎన్ని జోకులు వేశామో. ఏడేళ్లుగా గెలిచి ఆ డబ్బాలో కూర్చున్నాడు.

సెప్టెంబరు ఆరు, శనివారం, మధ్యాహ్నం ఆటకి మూడు టికెట్లు కొన్నాను. విహాన్ మూడోది తనకా అని అడిగాడు. నిన్ను వేరే రోజు తీసుకెళ్తాలే అన్నాను. నువ్వు శుక్రవారమే వచ్చేయి, నీ గది ఊడ్చి పెట్టాను. పల్లీలు పెద్ద సంచీ తీసుకుందాం. నువ్వు ఆ పక్క కూర్చో, నేను ఈ పక్క కూర్చుంటాను. మధ్య సీటు మీ నాన్నది.

నీ అత్త